రెండు వేళ్ళ తుప్పు

ఆ శనివారం మా తోడికోడలు నా కారెక్కకపోయి ఉంటే, నేను మంచిదాన్నని అనుకుంటూ ఇంకో ఇరవై ఏళ్ళు హాయిగా బతికేసేదాన్ని. ఆవిడ కారేమో రిపేరు షాపులో ఉంది. ఇంట్లో మినప్పప్పు అయిపోయింది. నేను వెళ్ళే దారిలోనే ఇండియన్ గ్రోసరీ ఉంది. ఇంతే కారణం. నా మూడేళ్ళ కష్టాన్ని అరకిలో మినప్పప్పు ముంచేసిందంటే ఎవరు నమ్ముతారు?

మొదటినుంచీ చెప్తాను. మేముండేది అమెరికాలో, నేపర్‌విల్‌లో. హాస్పిటల్ ల్యాబ్‌లో రోజంతా మైక్రోస్కోప్‌లో స్లైడ్లు చూడటం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎవరి కంటికీ ఆనని కణం నా కంటికి ఆనుతుందని డిపార్ట్‌మెంట్‌లో పేరు. ఆ పేరు నాకు కొంచెం ఎక్కువే తలకెక్కింది, ఒప్పుకుంటాను.

మా వీధి చివర ఒక పెద్దాయన పోతే, ఆయన పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. పూలకుండీలు చూద్దామని వెళ్ళిన నేను బేస్‌మెంట్‌లో ఒక జపాన్ కత్తి చూశాను. ఒర లోంచి సగం లాగగానే అంచు పొడుగునా తెల్లటి అల కనిపించింది. నాకేమైందో తెలియదు. పూలకుండీలు మర్చిపోయి కత్తితో ఇంటికొచ్చాను. మా ఆయన చూసి, ఉల్లిపాయలకి ఇది కొంచెం పెద్దదేమో అన్నారు. పిల్లలిద్దరూ కాలేజీలకి పోయాక నాకు పిచ్చి పట్టిందని మా ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పారు.

అది అసలు మంచిదో కాదో తెలుసుకోవాలని వెతికితే ఎల్గిన్ ఊరు దాటాక ఒక ముసలాయన ఉన్నాడని తెలిసింది. మెషిన్ షాప్‌లో పనిచేసి రిటైరయిన అమెరికన్. నలభై ఏళ్ళుగా పాత జపాన్ కత్తులు సేకరిస్తున్నాడు. నా కత్తిని ఒక్క చూపు చూసి, ఇది యుద్ధకాలంలో ఫ్యాక్టరీలో చేసింది, ఆ తెల్లటి అల యాసిడ్‌తో వేసిన బొమ్మ అన్నాడు. కారులో కూర్చుని ఏడ్చాను. ఇంజన్ స్టార్ట్ చేస్తుంటే ఆయనే బయటికొచ్చి కిటికీ తట్టి, ప్రతి నెలా రెండో శనివారం కొందరు నేర్చుకోవడానికి వస్తారు, నువ్వూ రా అన్నాడు. అప్పటినుంచీ నేను ఆయన్ని గురువుగారనే అనుకున్నాను.

ఆయన పద్ధతి ఇది. భోజనాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచేవాడు. పిడి ఊడదీసి, కమ్మరి పేరు చెక్కి ఉండే అడుగు భాగానికి ఇంకో గుడ్డ చుట్టి, బ్లేడ్ మన చేతికిచ్చేవాడు. తీసుకునేముందు కత్తికి తల వంచి నమస్కారం పెట్టాలి. కత్తి మీద నోరు తెరవకూడదు, తుంపర పడితే తుప్పు పడుతుంది. ఉక్కుని వేలితో అసలు ముట్టుకోకూడదు. ముందు ఆకారం చూడాలి, తర్వాత ఉక్కు మీది నార, అంటే చెక్కలో ఉన్నట్టు కనిపించే సన్నటి గీతలు, ఆ తర్వాత అంచు మీది అల. అన్నీ చూసి, పేరు చూడకుండానే అది ఏ కాలందో, ఏ ప్రాంతందో చెప్పాలి. చూడటం అయిపోయాక లవంగాల వాసనొచ్చే నూనె పల్చగా రాసి ఒరలో పెట్టాలి. ఆ వాసనకి నాకు ఇంట్లో బిర్యానీ చేసినట్టుండేది.

మూడు రంగుల పెన్నులతో నాలుగు నోటుపుస్తకాలు నింపాను. వందల బ్లేడ్ల ఫోటోలు చూశాను. వచ్చేవాళ్ళలో మిగతా ఇద్దరూ చలికాలం రాగానే మానేసేవాళ్ళు. నేను మంచులో కూడా మానలేదు. అయితే ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కొన్ని పాత కత్తుల్లో అంచు మీది అలకి పైన, ఉక్కులో, పల్చటి పొగమంచులాంటి నీడ కనిపిస్తుంది. అది కనిపిస్తే కత్తి వయసు సగం చెప్పేసినట్టే. గురువుగారు, కనిపించిందా అని అడిగిన మొదటి రోజే నేను కనిపించిందన్నాను. నాకు కనిపించలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ కనిపించలేదు. ఫలానా కత్తికి ఉంటుందని పుస్తకాల్లో చదివి, ఉందని చెప్పేదాన్ని. ఇరవై రెండేళ్ళు స్లైడ్లు చూసిన కన్ను నాది. లేదని ఎలా చెప్పను?

ఇంతలో గురువుగారి కళ్ళు పాడవడం మొదలైంది. చూపు మధ్యలో మసక, పక్కలకి మాత్రమే కొంచెం కనిపించేది. ఒక్కొక్క కత్తే తెలిసినవాళ్ళకి ఇచ్చేస్తూ వచ్చాడు. మిగిలింది ఒక పొట్టి కత్తి, మోచేతి నుంచి వేలి చివరదాకా ఉంటుందేమో. దాన్ని మాత్రం డీలర్‌కి ఇవ్వనన్నాడు. దాన్ని చదవగలిగినవాళ్ళకే ఇస్తాను, ఇచ్చాక కూడా వాళ్ళొచ్చి దాన్ని నాకు చదివి వినిపించాలి, నేనిక మీ కళ్ళతోనే చూడాలి కదా అన్నాడు. అది ఎవరికో వచ్చే మార్చిలో తేలుస్తానన్నాడు.

ఇంకెవరున్నారు నేను కాక? ఇంట్లో నా బీరువా పై అర ఖాళీ చేశాను. రెండు పట్టుచీరలు తీసి సూట్‌కేస్‌లో పడేశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళు ఒప్పుకున్నాక చివరి మాట కోసం చూసే ఇంట్లో ఎలా ఉంటుందో నా లోపల అలా ఉండేది.

అదిగో, అప్పుడొచ్చింది మా తోడికోడలు, అక్టోబర్ రెండో శనివారం. వాళ్ళుండేది షామ్‌బర్గ్‌లో. మా మరిది భార్య, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఒంగోలు వైపు పిల్ల. వాళ్ళది పొగాకు పండించే ఇల్లు. డిగ్రీ చదివింది కానీ ఇక్కడ ఉద్యోగం చేయలేదు. పదిహేనేళ్ళుగా మా మధ్య గొడవంటూ లేదు. లేకపోవడానికి కారణం, అన్నిట్లో నేనొక మెట్టు పైన ఉండటమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

కారులో కూర్చోబెట్టడం మర్యాద కాదని లోపలికి తీసుకెళ్ళాను. ఒక మూల కూర్చుని ఫోన్ చూసుకుంటుందిలే అనుకున్నాను. ఆ రోజు బల్ల మీద ఒక పొడుగు కత్తి ఉంది. నేను భూతద్దం పెట్టి అరగంట ఉక్కు నార చూసి, నోట్సు తిరగేసి, ఒక కాలం చెప్పాను. గురువుగారు ఔననలేదు, కాదనలేదు. మూలనున్న మా తోడికోడల్ని, మీకేమనిపిస్తోందని మర్యాదకి అడిగాడు. ఆవిడ కుర్చీలోంచి లేవను కూడా లేదు. అక్కడినుంచే తల పక్కకి వాల్చి చూసి, కింద ముక్క కోసేశారా అని అడిగింది. వంపు కిందికొచ్చేసరికి ఉండాల్సినంత లేదనిపించిందట.

గురువుగారు అడుగు భాగానికి చుట్టిన గుడ్డ విప్పాడు. నిజంగానే కోసేశారు. ఎప్పుడో ఎవరో పెద్ద కత్తిని తమకి వీలుగా పొట్టిది చేసుకున్నారు. అందువల్ల నేను చెప్పిన కాలం రెండొందల ఏళ్ళు తప్పింది. ఈవిడ ఎక్కడ నేర్చుకుందని ఆయన నన్నడిగాడు. నన్ను!

తిరిగొచ్చేటప్పుడు కారులో నేనూ అదే అడిగాను. ఇందులో నేర్చుకునేదేముందక్కా అంది. చిన్నప్పుడు సెలవులొస్తే షెడ్డులో కూర్చుని పొగాకు గ్రేడ్ చేసేవాళ్ళట. ఆకుని ముందే చేతిలోకి తీసుకుంటే మోసపోతామని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ముందు దూరం నుంచి చూడాలి, తర్వాత వెలుగులో తిప్పాలి, ఆఖరికి పట్టుకోవాలి. వేల ఆకులు అలా చూసిందట. ఈ మాట చెప్తూనే, ఆ షాపులో వంకాయలు బాగోవు, ఇంకో షాపుకి పోదామా అని అడిగింది. కడుపు మండిపోయింది. వంకాయలకీ కత్తికీ ఆవిడకి తేడా లేదు.

నవంబర్‌లో గురువుగారే ఈమెయిల్ పెట్టాడు, ఆవిడని తీసుకురమ్మని. డిసెంబర్‌లో కిటికీ పక్కన నేను కూర్చునే కుర్చీలో ఆవిడ కూర్చుంది. జనవరిలో పులిహోర చేసి తెచ్చింది. ఆయన రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. మూడేళ్ళలో నేను తీసుకెళ్ళినవి డబ్బా బిస్కట్లు. ఆయనకి ఇంటి తిండి పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆవిడకి మూడు నెలల్లోనే ఎందుకొచ్చింది? ఆయన్ని బుట్టలో వేసుకోవడానికే అనుకున్నాను. మనసులో ఇంకా ఘోరమైన మాటలన్నాను, అవి రాయను.

పొగమంచు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. జనవరిలోనే ఆ పొట్టి కత్తిని ఆవిడ చేతికిచ్చాడు. కిటికీ వైపు తిప్పి పట్టుకుని, అంచు మీది అల పైన ఎవరో ఊపిరి వదిలినట్టుంది, అక్కడక్కడ తెగి మళ్ళీ వస్తోంది, ఇది మరకా అని అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడ తెగింది, ఎక్కడ మళ్ళీ మొదలైందని అడుగుతూ పోయాడు. ఆవిడ చెప్తూ పోయింది. ఆయన ముఖంలో ఆ వెలుగు నేను చదివినప్పుడు ఎప్పుడూ చూడలేదు. చూడకపోవడానికి కారణం నాకు తెలుసు. నేను చదివింది కత్తిని కాదు, పుస్తకాల్ని.

ఫిబ్రవరి శనివారం బయట బాగా మంచు పడుతోంది. మళ్ళీ పులిహోర, పేపర్ ప్లేట్లు. తిన్నాక గురువుగారు టీ పెడతానని లేచాడు. స్టవ్ దగ్గర ఆయనకి సరిగ్గా కనిపించదని ఆవిడ కూడా వెనకే వంటగదిలోకి వెళ్ళింది. బల్ల మీద పొట్టి కత్తి, ఎదురుగా నేను. లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి కానీ ఏం మాట్లాడుకుంటున్నారో తెలియడం లేదు. ఒకసారి ఆయన నవ్వాడు. నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నేను చేసిన పని మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. పుస్తకం కాలికి తగిలితే ఏం చేస్తాం, గుడి గడప దగ్గర ఏం చేస్తాం, కొత్త కారు తాళం చేతికిస్తే ఏం చేస్తాం? చెయ్యి దానంతటదే పోయింది. రెండు వేళ్ళు ఉక్కుకి ఆనించి కళ్ళకద్దుకున్నాను. నాకే రావాలి, దానికి రాకూడదు అని మొక్కుకున్నాను. సగం మొక్కు నా కోసం, సగం ఆవిడ మీద.

వేళ్ళు తగలగానే కళ్ళు మండాయి. పులిహోర తిన్న చెయ్యి, పేపర్ నాప్‌కిన్‌తో తుడుచుకున్నానంతే. ఉప్పు, చింతపండు, పచ్చిమిర్చి. ఏం చేశానో అప్పుడర్థమై టిష్యూ కోసం చూస్తుండగానే అడుగుల చప్పుడు వినిపించింది. గబగబా ఒరలో పెట్టేశాను. నూనె రాశావా అని గురువుగారు అడిగాడు. రాశానన్నాను.

ఆ నెలంతా నాకు నిద్ర సరిగ్గా లేదు. ఫోన్ చేసి చెప్పొచ్చు. ఒకసారి కత్తి తీసి తుడవండి అంటే సరిపోయేది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఏమీ అయ్యుండదులే అని సర్దిచెప్పుకున్నాను. ల్యాబ్‌లో నా కింద పనిచేసేవాళ్ళు ఇలాంటి మాటంటే చీల్చి చెండాడేదాన్ని.

మార్చిలో మేమిద్దరమే వెళ్ళాం. గురువుగారు పొట్టి కత్తిని బయటికి తీసి, తల వంచి నమస్కారం పెట్టి, ముందు మా తోడికోడలి చేతికిచ్చాడు. ఉన్నదున్నట్టు అంతా చెప్పమన్నాడు. ఆవిడ దూరంగా పెట్టి చూసింది, కిటికీ వైపు తిప్పింది. ఆకారం చెప్పింది, నార చెప్పింది. తర్వాత ఆగిపోయింది. కత్తిని కొంచెం దగ్గరికి తెచ్చుకుంది.

ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. ఆ ఇంటికి వచ్చేవాళ్ళలో ఒక వస్తువుని ముట్టుకుని కళ్ళకద్దుకునే మనుషులు ఇద్దరమే. తను కాదని తనకి తెలుసు. మళ్ళీ కత్తి వైపు తిరిగి, చాలా మామూలుగా చెప్పింది.

"మధ్యలో రెండు వేలిముద్రలున్నాయి. తుప్పు పట్టాయి. కొత్తవే. పోయిన నెల నేనే ముట్టుకున్నాను, మా అలవాటు అది. నన్ను క్షమించండి."

నేను నోరు తెరిచి ఉండాల్సిన క్షణం అది. తెరవలేదు. నోరు పెగల్లేదని రాసుకోవచ్చు, కానీ అబద్ధం. పెగిలేది. నేనే మూసుకుని కూర్చున్నాను. ఇక ఇది నాకే వస్తుందన్న ఆలోచన ఆ క్షణంలోనే వచ్చింది, అదీ సిగ్గు కంటే ముందు వచ్చింది.

మీరలా చేస్తారని అనుకోలేదు అన్నాడు గురువుగారు. ఇకమీదట మీరు బ్లేడ్ పట్టుకోకుండా ఉంటే మంచిది అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. నాచేత కత్తికి నూనె రాయించి, ఒరలో పెట్టించి, గుడ్డ సంచిలో చుట్టి నా చేతిలో పెట్టాడు. కారులో ఆవిడని ఒక్క మాట అడగలేకపోయాను. షాపు దగ్గరికొచ్చాక, గోంగూర తీసుకోవాలి, ఒక్క నిమిషం ఆగుతావా అక్కా అని తనే అడిగింది.

కత్తి నా బీరువా పై అరలో చేరింది. మూడేళ్ళు కోరుకున్న వస్తువు. తీసి చూస్తే నాకు కనిపించేవి రెండే, నా చూపుడు వేలూ, మధ్య వేలూ. అందులో వేరే ఏమీ చూడలేకపోయాను. ఇంకా సిగ్గుపడాల్సింది చెప్తాను. ఆవిడ చేసిన మంచి పని మీద కూడా నాకు కుళ్ళే వచ్చింది. అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగింది? నేను మంచులో నలభై మైళ్ళు డ్రైవ్ చేసి సంపాదించుకోలేని పెద్దరికం, ఆవిడకి కూర్చున్నచోటే ఎలా వచ్చింది?

ఏప్రిల్ రెండో శనివారం దాకా ఆగలేకపోయాను. ఒక మంగళవారం సెలవు పెట్టి, కత్తి తీసుకుని ఒక్కదాన్నే ఎల్గిన్ వెళ్ళాను. గుమ్మం దగ్గరే నిలబడి, ఆ ముద్రలు నావి, నూనె రాశానని కూడా అబద్ధమే చెప్పాను అన్నాను. అది చెప్పాక ఇంకొకటి దాచడమెందుకని, ఆ పొగమంచు నాకెప్పుడూ కనిపించలేదని కూడా చెప్పేశాను.

లోపలికొచ్చి కూర్చోమన్నాడు. చేతులు రుద్దుకున్నాడు. కోపం వచ్చిందో, బాధే వచ్చిందో తెలియలేదు. ఆ తర్వాత అన్నాడు.

"ఆరోజు వంటగదిలో టీ పెడుతూ, ఇది మీకే ఇస్తానని ఆవిడతో చెప్పాను. వద్దంది. మా అక్క మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది, తనకివ్వండి, నేను పక్కన కూర్చుని చదివి పెడతాను అంది. నాకు నవ్వొచ్చింది, సరేనన్నాను."

నేను లెక్క వేసుకున్నాను. ఆయన నవ్వు నేను విన్నాను. ఆ నవ్వు తర్వాతే నా చెయ్యి కత్తి మీదికి పోయింది. అంటే అప్పటికే అది నాది. నాకు వచ్చేసిన వస్తువు కోసం, ఇప్పించిన మనిషికి రాకూడదని మొక్కి, పులిహోర చేత్తో దాన్ని పాడుచేసుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

కత్తి వెనక్కి తీసుకోమని బల్ల మీద పెట్టాను. తీసుకోలేదు. ఇచ్చింది ఇచ్చిందే, ఆ మచ్చలూ నీవే అన్నాడు. సానపట్టించి తీయించాలని మాత్రం చూడకు, తీస్తే మంచి ఉక్కు కూడా పోతుంది, నూనె రాస్తూ ఉంటే పెరగకుండా ఉంటాయి అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, తడుముకుంటూ తలుపు పట్టుకుని, ఆ రోజు నేనావిడని అనకూడని మాటలన్నాను, ముందు ఆవిడని నా దగ్గరికి తీసుకురా అన్నాడు.

అక్కడినుంచి సరాసరి షామ్‌బర్గ్ వెళ్ళాను. మా తోడికోడలు చపాతీ పిండి చేతులతో తలుపు తీసింది. పనిరోజు పగలు వచ్చానేమిటని కంగారుపడింది. సంచి చూసి పక్కకి జరిగి లోపలికి రమ్మంది. ఎల్గిన్ వెళ్ళొచ్చాను, అంతా చెప్పేశాను అన్నాను. ఎందుకు చెప్పావక్కా అంది, అంతే. నువ్వెందుకు వద్దన్నావని అడిగితే, పిండి చేతుల వైపు చూసుకుంటూ, నాకు చూడటమే ఇష్టం అక్కా, బీరువాలో పెట్టుకోవడం కాదు అంది. అది నన్ను దెప్పడానికి అన్న మాట కాదు. కానీ తగలాల్సిన చోట తగిలింది.

చేతులు కడుక్కుని రమ్మన్నాను. సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని వచ్చింది. నేనూ వెళ్ళి రెండుసార్లు కడుక్కున్నాను. వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద తెల్ల టవల్ పరిచాం. ఇద్దరం కత్తికి తల వంచాం. ఆవిడ బ్లేడ్‌ని కిటికీ వైపు తిప్పింది, నా ముద్రలు దాటించి, పైన చూడు, అదిగో అక్కడ మొదలైంది అని తలతో చూపించింది.

చూశాను. నాకు ఉక్కు కనిపించింది, అల కనిపించింది. పొగమంచు కనిపించలేదు. ఆవిడ కళ్ళు దాని వెంటే మెల్లగా పోతున్నాయి. ఒళ్ళు మండింది, ఇప్పుడు కూడా.

"నాకు కనిపించట్లేదు," అన్నాను. "మళ్ళీ చూపించు."